ట్యూన్డ్ పైపు కొంటున్నారా? లోపల కోన్ ఉందో లేదో ముందు చూసుకోండి

మోడల్ విమానాలు ఎగరేసే మిత్రులకు ఒక హెచ్చరిక. "6 నుంచి 10 సీసీ దాకా ఏ టూ స్ట్రోక్ ఇంజన్‌కైనా సరిపోతుంది, బిగించగానే రెండు వేల ఆర్‌పీఎం పెరుగుతుంది" అన్న ప్రకటన నమ్మి, నా 7.5 సీసీ గ్లో ఇంజన్‌కు (స్పార్క్ బదులు వేడి తీగతో ఇంధనం మండేది) ఆన్‌లైన్‌లో ఒక ట్యూన్డ్ పైపు, అంటే శక్తి పెరిగేలా పొడవు కుదిర్చిన పొగ గొట్టం, తెప్పించుకున్నాను. మామూలు సైలెన్సర్‌తో 13,000 తిరిగే ఇంజన్, అదే ప్రొపెల్లర్‌తో, ఈ పైపు పెట్టాక 12,400 దాటలేదు.

"ఏ ఇంజన్‌కైనా" అన్న మాట దగ్గరే నేను ఆగవలసింది. ఎగ్జాస్ట్ పోర్టు (సిలిండర్ నుంచి పొగ పోయే రంధ్రం) తెరుచుకోగానే బయలుదేరిన పీడన తరంగం పైపు వెనుక సన్నబడే కోన్‌ను తాకి తిరగబడి, పోర్టు మూసుకునే లోపు వెనక్కి చేరితేనే, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. కాబట్టి పైపు పొడవు ఆ ఇంజన్ పోర్టు టైమింగుకూ, మనం కోరే వేగానికీ కుదరాలి. పోర్టు తెరిచి ఉండే డిగ్రీలను 1,700తో హెచ్చవేసి ఆర్‌పీఎంతో భాగిస్తే, పిస్టన్ ముఖం నుంచి తరంగం తిరగబడే చోటుదాకా ఉండవలసిన పొడవు సుమారుగా అంగుళాల్లో వస్తుంది. నా ఇంజన్‌కు 150 డిగ్రీలు, 14,000 ఆర్‌పీఎం లెక్కన అది 18.2 అంగుళాలు, అంటే 46 సెంటీమీటర్లు. అమ్మకందారు చెప్పిన కొలత కూడా అదే.

అనుమానం తీరక, కొస వంచిన సైకిల్ చువ్వను తోక గొట్టంలోంచి దూర్చి లోపలంతా తిప్పి చూశాను. వెనుక ఉండవలసిన కోన్ ఎక్కడా తగలలేదు. చివరికి రంపంతో కోస్తే, ముందు కోన్ తప్ప మిగిలినదంతా ఖాళీ అల్యూమినియం డబ్బా. తరంగం వెనుక గోడదాకా, అంటే 55 సెంటీమీటర్లు పోయి తిరుగుతోంది. ఆ పొడవు 12,000 లోపు వేగానికే పనికొస్తుంది, అంతకు మించితే తరంగం వచ్చేసరికి పోర్టు మూసుకుపోయి ఉంటుంది.

ఇది తెలియక ముందు, వేగం కోసం నీడిల్‌ను (ఇంధనం ఎంత పారాలో నిర్ణయించే మరను) బిగిస్తూ పోయిన తప్పు మాత్రం నాదే. మిశ్రమం పలచబడి, ఇంజన్ వేడెక్కి, గ్లో ప్లగ్ తీగ కాలిపోయింది. పిస్టన్‌పై ఎగ్జాస్ట్ వైపు గీతలు పడ్డాయి. కోసిన వస్తువును వాపసు తీసుకోబోమని అమ్మకందారు చేతులు దులుపుకున్నారు.

మీరు కొనేముందు కోన్ దాకా పొడవెంతో, ఏ ఆర్‌పీఎంకు చేశారో రాతపూర్వకంగా అడగండి. పైపు రాగానే, ఇంజన్‌కు బిగించక ముందే చువ్వ పరీక్ష చేయండి. అప్పటికి వాపసు గడువు ఇంకా మిగిలే ఉంటుంది.