వీడియోనా, ట్యాబా, అట్టపెట్టెనా? ‘కాంతి’ పాఠానికి ఏది మేలు?

పాతపట్నం నుంచి, కాశీనగరం నుంచి, గుణుపురం నుంచి వచ్చే తోటి టీచర్లు ఎప్పుడు కలిసినా ఒకటే అడుగుతున్నారు. బడికి స్మార్ట్ టీవీ వచ్చింది, నాలుగు ట్యాబులూ ఉన్నాయి, ఇంకా పిల్లల చేత అట్టముక్కలు కోయిస్తూ కూర్చోవాలా అని. పోయిన ఏడు, ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో మా ఏడో తరగతి రెండు సెక్షన్లకూ కాంతి పాఠం నేనే చెప్పాను. ఒక సెక్షన్‌కి టీవీ, ట్యాబులతో చెప్పాను. రెండో సెక్షన్‌ చేత అట్టపెట్టెలతో సూదిబెజ్జం (పిన్‌హోల్) కెమెరా చేయించాను.

వీడియోకి ఉన్న బలం తక్కువేమీ కాదు. గుండె కొట్టుకోవడం, అగ్నిపర్వతం పేలడం, గ్రహణం పట్టడం మనం తరగతికి తేలేం. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాతో స్కాన్ చేస్తే చాలు. సెక్షన్ మొత్తం ఒకేసారి చూస్తుంది, పీరియడ్‌లో పాఠం అయిపోతుంది, సిలబస్ టెన్షన్ ఉండదు.

ట్యాబులో నేను వాడేవి కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద వేలితో జరిపి చేసుకునే ప్రయోగాలు. అవి ఉచితం, ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. కరెంటు పాఠానికైతే నేను ముందు వాటినే తీస్తాను. పిల్లలు వైర్లు తప్పుగా కలిపి షార్ట్ సర్క్యూట్ చేస్తే తెర మీద బ్యాటరీకి మంటలు వస్తాయి, ఎవరి చెయ్యీ కాలదు. కాకపోతే నాలుగు ట్యాబులకి నలభై మంది. ఒకడు వేలితో జరుపుతుంటే తొమ్మిది మంది వాడి భుజాల మీంచి తొంగిచూస్తుంటారు.

ఖర్చు, టైము, మార్కులు అందరూ లెక్కేసేవే. నేను చూసేది మాత్రం పిల్లల నోరు. ఏ పద్ధతిలో పిల్లలు తమ మాటలతో మాట్లాడతారు?

మా సరిహద్దులో ఇది చిన్న సంగతి కాదు. మాది ఒడియా మీడియం బడి. సగం మంది ఇళ్లలో తెలుగు, కొండ మీంచి వచ్చే గిరిజన పిల్లలది సవర భాష. పుస్తకంలో ‘ఆలోక’ అని ఉంటుంది, ఏటి అవతల తెలుగు పుస్తకంలో ‘కాంతి’, ఇంట్లో ‘ఎలుతురు’. టీవీ సెక్షన్‌లో వీడియో అయిపోయాక ఏం అర్థమైందిరా అంటే, అందులో వినిపించిన ఒడియా వాక్యాన్నే అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. తర్వాతి ప్రశ్నకి అందరూ తలలు దించుకున్నారు.

అట్టపెట్టెల సెక్షన్‌లో జరిగింది వేరు. ఒక పెట్టె ఇంకో పెట్టెలో జరిగేలా చేశాం. తెరకి కొబ్బరినూనె రాసిన కాగితం, ముందు అట్టకి సూదితో బెజ్జం. నెత్తి మీంచి దుప్పటి కప్పుకుని ఎండలో ఉన్న వేపచెట్టు వైపు తిరిగారు. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక దుప్పట్లోంచి కేక: “ఇదేటి మాస్టారూ, చెట్టు తిరగబడిపోనాది!” ఇంతలో రోడ్డు మీద కుడివైపుకి సైకిలు పోతుంటే, తెర మీద అది తలకిందులుగా ఎడమవైపుకి పోయింది. ఇక ఎవర్నీ ఆపలేకపోయాను.

ఒక పిల్లాడు సూది లేదని కంపాస్ ముల్లుతో పొడిచాడు. బొమ్మ వెలుగ్గా వచ్చింది గానీ అలుక్కుపోయింది. పక్కనున్న అమ్మాయి ఎవరూ చెప్పకుండానే తన పెట్టెకి రెండో బెజ్జం పెట్టింది, రెండు చెట్లు కనబడ్డాయి. అయిదు పెడితే అయిదు చెట్లు. బెజ్జాలు దగ్గర దగ్గరగా పొడుస్తూ పోతే చెట్లు ఒకదాని మీద ఒకటి పడి మసకైపోయాయి. అప్పుడు ఆ పిల్లాడి పెట్టె చేతిలోకి తీసుకుని ఆ అమ్మాయి అన్న మాట నేను నోట్స్‌లో రాసుకున్నాను: “పెద్ద బెజ్జం అంటే చిన్న బెజ్జాలు బోలెడు కలిసిపోయినట్టే కదండీ, అందుకే అలికేసినట్టుంది.” ఈ మాట వాళ్ల పుస్తకంలో లేదు, మా వీడియోలో లేదు. ‘ప్రతిబింబం’ అనే మాట ఆ తర్వాతే చెప్పాను. ఒడియాలోనూ తెలుగులోనూ దాదాపు అదే మాట. దాన్ని తగిలించడానికి వాళ్ల దగ్గర అప్పటికే ఒక తిరగబడ్డ చెట్టు ఉంది.

గిడుగు రామమూర్తి గారు 1880లో మాస్టారుగా చేరింది ఈ ఊళ్లోనే. సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటల్లోనే చదువు చెప్పాలని తన సొంత డబ్బు ఖర్చు పెట్టారు. నోటి మాటని వదిలేస్తే చదువు ఎక్కదని ఆయన పట్టుబట్టిన ఊళ్లో, ఏ నోటి మాటా పలకనివ్వని పాఠం చెప్పడానికి నాకు మనసొప్పదు.

అట్టపెట్టెల పద్ధతికి కష్టాలూ ఉన్నాయి. ఒక పీరియడ్ పాఠానికి మూడు పట్టాయి. గది నిండా చెత్త. పక్క తరగతి వాళ్లు గోలని ఫిర్యాదు చేశారు. నలభై మందిలో ఆరుగురి పెట్టెల్లో ఏమీ కనబడలేదు, అతుకుల్లోంచి వెలుతురు దూరిపోయింది. మర్నాడు కూర్చుని నల్లకాగితం అంటించాల్సి వచ్చింది.

రెడీమేడ్ సైన్స్ కిట్లు కొనమంటారా అంటే, డబ్బుంటే కొనండి, లేకపోతే బెంగ పడకండి. చెత్త నుంచి బొమ్మలు చేయడానికి అరవింద్ గుప్తా వీడియోలు చాలు. ఏఐ చాట్‌లు టీచరు ప్రశ్నలు తయారు చేసుకోవడానికి పనికొస్తాయి, ఏడో తరగతి పిల్లల చేతికి నేనైతే ఇవ్వను.

కాంతి, నీడలు, అయస్కాంతం, తేలడం మునగడం, మొలకలు... వీటికి ముందు చేతిపని, తర్వాత వీడియో. కరెంటుకి ట్యాబు ముందు, ఆ తర్వాత టార్చి సెల్లు, బల్బు. శరీరం లోపలి భాగాలకి, ఆకాశానికి వీడియోనే.

ఈ వరస ఎందుకంటే, అట్టపెట్టెల సెక్షన్‌కి పదిరోజుల తర్వాత అదే వీడియో వేశాను. సగంలో ఆపించారు. “బెజ్జం పెద్దది చేసి చూపించలేదేటండీ?” అని టీవీ వైపు వేలు చూపించి అడిగింది ఆ కంపాస్ ముల్లు పిల్లాడే.