మరియా-సామా గ మితేరు, అవోయి హానా: ఏది మేలు?

గర్ల్స్ స్కూల్లో జరిగే యూరి అనిమే (జపాన్ కార్టూన్ సిరీస్), అంటే అమ్మాయికీ అమ్మాయికీ మధ్య పుట్టే ప్రేమ కథ, అందులోనూ గొడవలూ ట్విస్టులూ కాకుండా మనుషుల స్వభావాల మీదే నడిచేది కావాలని ఎవరైనా అడిగితే నాకు వెంటనే గుర్తొచ్చేవి రెండు. 2004లో మొదలైన మరియా-సామా గ మితేరు (అభిమానులు ముద్దుగా మారిమితె అంటారు), 2009లో వచ్చిన అవోయి హానా. ఒక్కటే చూసే టైముంటే అవోయి హానా చూడండి. ఈ మాట అనడానికి నాకు చాలా కాలం పట్టింది, ఎందుకంటే మారిమితెలో కొన్ని ఎపిసోడ్లు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మారిమితె కథ టోక్యోలోని లిలియన్ అనే కేథలిక్ స్కూల్లో జరుగుతుంది. పేరుకి అర్థం మన మాటల్లో చెప్పాలంటే మరియమ్మ తల్లి చూస్తోంది అని. అక్కడ ఒక ఆచారం ఉంటుంది. సీనియర్ తన జపమాలను జూనియర్ మెడలో వేస్తే ఇద్దరూ అక్కాచెల్లెళ్లయినట్టు, ఆ చెల్లెలి బాధ్యత అంతా అక్కదే. యూమి అనే మామూలు అమ్మాయికి, స్కూలంతా ఆరాధించే సాచికో ఒకరోజు ఉన్నట్టుండి జపమాల ఇవ్వబోతుంది. ఎవరైనా ఎగిరి గంతేస్తారు. యూమి మాత్రం వద్దంటుంది, ఎందుకంటే నాటకంలో సిండ్రెల్లా వేషం తప్పించుకోవడానికే సాచికోకి అప్పటికప్పుడు ఒక చెల్లెలు కావలసి వచ్చింది. తనకు ఎంతో ఇష్టమైన మనిషి దగ్గర కూడా ఒక సాకుగా మిగిలిపోవడానికి ఒప్పుకోని ఆ పిల్ల, ఆ ఒక్క క్షణంలో నాకు తెగ నచ్చేసింది.

ఇది ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూస్తాం కాబట్టి ఒక సంగతి జారిపోతుంది. లిలియన్‌లో తోటి పిల్లల్ని పేరు చివర సాన్ అని, సీనియర్లని సామా అని పిలుస్తారు, అక్క మాత్రం తన చెల్లెల్ని ఉట్టి పేరుతో పిలుస్తుంది. మీరు అనే మనిషి ఒక్కసారిగా నువ్వు అంటే గుండెలో ఏమవుతుందో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు కదా, హాస్టల్లో సీనియర్‌ని అక్కా అని మొదటిసారి పిలిచిన వాళ్లకి ఇంకా బాగా తెలుస్తుంది. అందుకే సబ్‌టైటిల్స్ చదువుతూనే చెవి ఆ పిలుపుల మీద పెట్టండి.

అయితే మారిమితెలో ఆ ఆచారమే ఒక తెర కూడా. ఎవరికి ఎవరంటే ఎంత ఇష్టమో అక్కాచెల్లెళ్ల మాట వెనకే ఉండిపోతుంది. తెర చిరిగినప్పుడే ఆ సిరీస్ గొప్పగా ఉంటుంది. సెయ్ అనే సీనియర్ గతం చెప్పే రెండు ఎపిసోడ్లు ఉన్నాయి, మొదటి సీజన్ చివరి భాగంలో. షియోరి అనే అమ్మాయి కన్యాస్త్రీ కావాలనుకుంటుంది, సెయ్ ఆమెను ప్రేమిస్తుంది, ఇద్దరూ ఎక్కడికైనా వెళ్లిపోదామనుకుంటారు. స్టేషన్లో సెయ్ చలిలో ఎదురుచూస్తుంటే షియోరి రాదు, ఆమె రాసిన ఉత్తరం వస్తుంది. అక్కడ దుర్మార్గులెవరూ లేరు, అదే తట్టుకోలేం. ఇంకొకటి రెండో సీజన్‌లో వానల కథ. కుటుంబంలో పెద్దావిడ ప్రాణాల మీదికి వచ్చిందని సాచికో చెప్పదు, అనుకున్న ప్రోగ్రాములు రద్దు చేస్తూ పోతుంది, యూమి తనని వదిలేస్తోందని నమ్మేస్తుంది. నోరు తెరిచి ఒక్క మాట చెబితే తీరిపోయే బాధ, కానీ ఆ ఇద్దరి స్వభావం తెలిశాక చెప్పలేరని మనకి అర్థమవుతుంది.

అవోయి హానాలో ఇలాంటి తెర లేదు. చోటు సముద్రం పక్కన కామకురా, చిన్న రైళ్లు, నీటిరంగుల్లో వేసినట్టుండే వీధులు. ఫుమి, అకిరా చిన్ననాటి స్నేహితులు, విడిపోయి హైస్కూల్ వయసులో మళ్లీ కలుస్తారు, చదివేది మాత్రం వేర్వేరు గర్ల్స్ స్కూళ్లలో. రైల్లో ఒకడు ఫుమిని ఇబ్బంది పెడితే అకిరా అడ్డుపడుతుంది, అప్పటికి ఒకరినొకరు గుర్తుపట్టను కూడా పట్టలేదు.

ఫుమి పొడుగు, బిడియం, చీటికీ మాటికీ ఏడుస్తుంది. కానీ మొత్తం కథలో ధైర్యం ఎవరిదంటే ఆమెదే. తనకు దగ్గరైన చుట్టాలమ్మాయి పెళ్లి చేసుకుంటోందని తెలిసి లోపల విరిగిపోయి ఉంటుంది, ఆ తరవాత సీనియర్ సుగిమోతోతో ప్రేమలో పడుతుంది, ఆ మాట దాచకుండా అకిరాకి చెబుతుంది. ఇక్కడ అకిరా చేసేది చూడండి. ఆమెకి సరైన మాట దొరకదు, ఇంటికెళ్లి ఆలోచిస్తూ కూర్చుంటుంది, తెలియకపోయినా పక్కనే ఉండిపోతుంది. ఒక స్నేహితురాలు అలా తడబడుతూ పక్కన నిలబడటాన్ని ఇంత నిజంగా చూపించిన అనిమే నేను ఇంకోటి చూడలేదు. సుగిమోతో కూడా అంతే, బయటికి బాస్కెట్‌బాల్ కెప్టెన్, అందరి కలల రాణి, లోపల ఇంకొకరి కోసం ఇంకా కుములుతున్న పిల్ల.

నా మొగ్గు అవోయి హానా వైపు ఎందుకంటే, ఈ రెంటికీ వెనక జపాన్‌లో ఒక పాత సాహిత్యం ఉంది. 1916లో యోషియా నోబుకో మొదలుపెట్టిన హానా మోనోగతారి కథలు అందులోవే. ఆ రోజుల్లో గర్ల్స్ స్కూల్ అమ్మాయిల మధ్య గాఢమైన స్నేహాల్ని ఎస్ అని పిలిచేవారు, సిస్టర్ అనే మాటలోని మొదటి అక్షరం. చదువు అయ్యి పెళ్లి కాగానే అది ముగిసిపోవాలన్నది లోకం లెక్క. మారిమితె ఆ అందాన్ని అపురూపంగా కాపాడింది. అవోయి హానా మాత్రం, పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన అమ్మాయి వెనక మిగిలిపోయిన ఫుమి దగ్గర మొదలవుతుంది. మిగిలిన అమ్మాయికి అదొక దశ కాదని ఆ మొదలే చెప్పేస్తుంది.

మిగతా వాటి గురించి ఎక్కువ చెప్పను. 2006 నాటి స్ట్రాబెర్రీ పానిక్ 26 ఎపిసోడ్లు, చూడటానికి వేడుకగా ఉంటుంది, పాత్రలు అంత లోతు కాదు. 2018 సిట్రస్‌లో ఇష్టం అడక్కుండా మీదపడటాన్నే ప్రేమకి మొదలుగా చూపిస్తారు, నాకు అది మింగుడుపడలేదు.

ఒక విషయంలో మాత్రం మారిమితెదే పైచేయి. 13 ఎపిసోడ్ల సీజన్లు మూడు, మధ్యలో టీవీలో కాకుండా నేరుగా వీడియోగా వచ్చిన 5 భాగాలు (ఓవీఏ అంటారు), అన్నీ కలిపితే 44. యూమి భయపడే చెల్లెలి నుంచి తానే చెల్లెల్ని ఎంచుకోవలసిన అక్క దాకా పెరగడం కళ్లారా చూస్తాం. అవోయి హానా 11 ఎపిసోడ్లకే ఆగిపోతుంది, తన మొదటి ప్రేమ ఎవరో ఫుమికి గుర్తొచ్చిన చోట. దీనికి మూలమైన, షిమురా తకాకో గీసిన మాంగా (జపాన్ కామిక్స్ పుస్తకం) 8 సంపుటాలు, అనిమే అందులో తొలి భాగాన్నే తీసుకుంది. కాబట్టి అనిమే అవగానే మాంగా మొదటి పేజీ నుంచే పట్టుకోండి, ఆగిన చోటు వెతుక్కోవద్దు, అకిరాని ఫుమి "అచ్చాన్" అని ముద్దుపేరుతో పిలిచే ప్రతిసారీ అప్పుడు వేరేగా వినిపిస్తుంది.