జూలీ కోసం కొన్న సిలికాన్ ట్రే: ఏడాది పైన వాడాక

అడుగున బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు, గడ్డకట్టిన ముక్క చెక్కుచెదరకుండా అరచేతిలో పడుతుంది. ఈ ట్రే గురించి ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతాను. అంతకు ముందు ఫ్రిజ్‌తో పాటు వచ్చిన గట్టి ప్లాస్టిక్ ఐస్ ట్రేలోనే పుచ్చకాయ గుజ్జు పోసి పెట్టేదాన్ని. ఉత్తి నీళ్లయితే ఆ ట్రేని కాస్త మెలితిప్పగానే ఊడి వస్తాయి. పండ్ల గుజ్జు అలా రాదు. అడుగున పట్టేసి కూర్చుంటుంది. కొళాయి కింద పెడితే సగం కరిగి సింకులోకి పోతుంది, చెంచాతో పొడిస్తే ముక్కలై గట్టు మీద చెల్లాచెదురవుతుంది. ఈలోపు మా కుక్క జూలీ కాళ్ల దగ్గర నిలబడి ఒకటే మొరుగుడు. సిలికాన్ ట్రే వచ్చాక ఆ తంటా అంతా పోయింది.

జూలీ మా పామేరియన్. ఎనిమిది కిలోల బరువు, వయసు కాస్త మీద పడింది, ఒళ్లంతా దట్టమైన తెల్ల బొచ్చు. అలాంటి కుక్కకి విశాఖ వేసవి ఎంత కష్టమో పెంచేవాళ్లకే తెలుస్తుంది. లెక్కకి మనకి విజయవాడ కన్నా ఎండ తక్కువే. కానీ ఉక్కపోత? మే నెలలో సముద్రం గాలి ఆగిందంటే ఫ్యాను కింద కూర్చున్నా బట్టలు తడిసిపోతాయి. మనకి కనీసం ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకి పట్టేది పాదాల అడుగున కాస్తే. మిగతా వేడంతా నాలుక బయటపెట్టి రొప్పుతూ, నోట్లో తడిని ఆవిరి చేసుకుంటూ పోగొట్టుకోవాలి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆ తడి సరిగా ఆరదు, రొప్పు ఆగదు. మధ్యాహ్నాలు జూలీ బాత్‌రూమ్ గుమ్మం దగ్గర చల్లటి గచ్చు మీద పొట్ట ఆనించి పడుకునేది. అన్నం ముట్టేది కాదు, నీళ్ల గిన్నె ముఖం కూడా చూసేది కాదు. మాకు అదే టెన్షన్.

పుచ్చకాయలో నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లే కదా, తాగనని మొండికేసే కుక్క చేత అలా తినిపించొచ్చని మా పశువుల డాక్టరు గారు చెప్పారు. మొదట ఫ్రిజ్ ట్రేలోనే పోసి చూసి, దానితో విసిగిపోయాక ఈ ట్రే ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఎముక ఆకారం, పంజా ఆకారం గుంటలు ఉంటాయి. ఆకారంతో జూలీకి పనేం లేదు, ఫోటోలకి పిల్లలే ముచ్చటపడతారు. నాకు నచ్చింది కొలత. ఒక్కో గుంటలో రెండు చెంచాలే పడుతుంది. చిరుతిళ్లు కుక్క రోజు మొత్తం తినే క్యాలరీల్లో పదో వంతు దాటకూడదంటారు. జూలీ బరువుకి అది సుమారు 50 క్యాలరీలు. పుచ్చకాయ వంద గ్రాములకి 30 క్యాలరీలు మాత్రమే, అరటిపండైతే 90 దాకా ఉంటాయి. అందుకే పుచ్చకాయ ముక్కలు ఒకటీ రెండూ ఎక్కువైనా నేను పట్టించుకోను, అరటిపండువి మాత్రం లెక్క పెట్టి ఇస్తాను. గిన్నెలో పోసి గడ్డకట్టిస్తే ఈ లెక్క కుదరదు.

ఏది ఎలా గడ్డకడుతుందో చేయగా చేయగా తెలిసింది. వడకట్టిన పుచ్చకాయ రసం ఒక్కటే పోస్తే రాయిలా అవుతుంది. గట్టి ఐసు కొరికితే కుక్కలకి పైవరసలో నమిలే పెద్ద పన్ను పక్కకి చీలే ప్రమాదం ఉందట. అదీ డాక్టరు గారు చెప్పిందే. జూలీ పళ్లు అసలే అంతంత మాత్రం. అందుకని వడకట్టడం మానేశాను. గింజలు తీసి, గుజ్జు గుజ్జుగానే మెత్తగా చేసి, అందులో పంచదార, ఉప్పు ఏమీ వేయని ఇంటి పెరుగు రెండు చెంచాలు కలుపుతాను. అప్పుడు ముక్క కుల్ఫీలా మెత్తగా గడ్డకడుతుంది. ఫ్రీజర్లోంచి తీసి రెండు నిమిషాలు బయట ఉంచితే చాలు, మన ఊరి గాలికి పైన చెమర్చుతుంది. జూలీ కొరకకుండా ముందు కాళ్ల మధ్య పట్టుకుని నాకడం మొదలుపెడుతుంది. ఆ నాకుడు చూస్తే ఎవరికైనా ప్రాణం కుదుటపడుతుంది.

వేసవిలో పుచ్చకాయ, సువర్ణరేఖ మామిడి (టెంక, తొక్క తీసేసి, కొద్దిగానే). చలికాలంలో లంబసింగి వైపు నుంచి స్ట్రాబెర్రీలు దిగితే అవి. బొప్పాయి, గింజలు తీసిన ఆపిల్ ఏడాది పొడుగునా. సింహాచలం అనాసపండు ఒకసారి వేశాను, పులుపుకి ముఖం తిప్పేసింది. ఎంవీపీ రైతు బజారులో ఆ పూట ఏది బాగుంటే అది, అంతే. ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం మా ఇంట్లో ఈ ట్రే దరిదాపులకి రావు. కొన్ని కుక్కలకి నాలుగు ద్రాక్షపళ్లు కూడా కిడ్నీల మీదకి వస్తాయి. సీతాఫలం గింజలు విషం, అందుకని ఆ పండు జోలికీ పోను.

ఇక అసలు సంగతి, మూత. ట్రేకి ఒక ప్లాస్టిక్ మూత ఇచ్చారు, గాలి చొరబడదని డబ్బా మీద రాశారు. మొదటి కొన్ని వారాలు బిగుతుగానే ఉంది. చలికి ఆ ప్లాస్టిక్ నెమ్మదిగా వంగి, ఒక మూల వేలు దూరేంత పైకి లేచింది. చూడ్డానికి అది పెద్ద లోపంలా అనిపించదు. ఫ్రీజర్లో ఐస్‌క్రీమ్ ఒక్కటే పెట్టుకునే ఇళ్లలో అసలు తెలియకపోవచ్చు కూడా. మాది విశాఖ ఇల్లు. హార్బరు నుంచి వచ్చిన వంజరం ముక్కలు ఒక పక్క, రొయ్యలు ఒక పక్క, అత్తయ్య రోట్లో నూరి నెలకి సరిపడా దాచుకున్న అల్లం వెల్లుల్లి ముద్ద ఒక పక్క ఉంటాయి.

ఒక మధ్యాహ్నం ఎప్పటిలాగే పుచ్చకాయ ముక్క ఇచ్చాను. జూలీ పరుగున వచ్చింది, ముక్కు ఆనించింది, రెండడుగులు వెనక్కి వేసింది. మళ్లీ వచ్చి వాసన చూసి ఈసారి పక్క గదిలోకి వెళ్లిపోయింది. ఎండదెబ్బ ఏమైనా తగిలిందా అని నాకు గుండె ఆగినంత పనైంది. చెవులు పట్టుకు చూశాను, చిగుళ్లు చూశాను, బాగానే ఉంది. అన్నం కలిపి పెడితే తినేసింది. అప్పుడు అత్తయ్య ఆ ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూశారు. "ఏటమ్మా ఇది, పుచ్చకాయ వెల్లుల్లి కంపు కొడతంది?" అన్నారు. నేను కొంచెం నాలుక మీద పెట్టుకున్నాను. ముందు తీపి, ఆ వెంటనే పచ్చి వెల్లుల్లి ఘాటు. ఆ పక్కన ఫ్రిజ్ ట్రేలోని ఐసుకి ఆ వాసన లేదు. అంటే పట్టుకున్నది సిలికానే.

నా టెన్షన్ అంతా అక్కడి నుంచే మొదలు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి పడవని తెలుసు. వాటిలో ఉండే గంధకపు పదార్థాలు ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. అది తిన్న వెంటనే బయటపడదు కూడా, రెండు మూడు రోజుల తర్వాత నీరసం, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తాయి. అంతకు ముందు రోజుల్లో ఈ ట్రేలోవి ఎన్ని తిందో! డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన నిదానంగా విని, "వాసన పట్టిందంటే వెల్లుల్లి తిన్నట్టు కాదమ్మా, అంత కొంచెంతో ఏమీ కాదు. రెండు మూడు రోజులు చిగుళ్ల రంగు చూస్తూ ఉండండి. ఆ ట్రే మాత్రం వాసన పోయేదాకా వాడకండి" అన్నారు. జూలీకి ఏమీ కాలేదు. కానీ ఆ రెండు మూడు రోజులు నేను దాని పెదవి ఎత్తి చూస్తూనే ఉన్నాను, అది పాపం విసుక్కోకుండా చూపిస్తూనే ఉంది.

ట్రే అమ్మిన వాళ్లకి రాస్తే, వాసన పట్టడం తయారీ లోపం కిందకి రాదని జవాబు వచ్చింది. సిలికాన్ నూనె వాసనలను పట్టుకుంటుందన్నది నిజమే, దాని గుణమే అంత. దానికి నాకు కోపం లేదు. గాలి చొరబడని మూత అని రాసి అమ్మి, చలికే వంగిపోయే మూత ఇచ్చారే, అదే నా కోపం. ఫ్రీజర్లో పెట్టే వస్తువు చలికి ఆగకపోతే ఎలా?

వాసన వదిలించడానికి చాలా పాట్లు పడ్డాను. గిన్నెల సబ్బుతో పోలేదు. నిమ్మచెక్కతో రుద్దితే నిమ్మ వాసన, దాని కింద వెల్లుల్లి వాసన. వంటసోడా నీళ్లలో రాత్రంతా నానబెడితే సగం తగ్గింది. చివరికి పనికొచ్చింది ఇడ్లీ పాత్ర. సిలికాన్ ఆవిరి వేడికి ఏమీ కాదు కాబట్టి అడుగున నీళ్లు పోసి, రేకు మీద ట్రే బోర్లించి బాగా ఆవిరి పట్టించాను. తర్వాత డాబా మీద ఎండలో పెట్టాను. అలా రెండు మూడు సార్లు చేశాక వాసన పోయింది. పూర్తిగా పోయిందో లేదో నేను చెప్పలేను, జూలీ ముక్కు ఒప్పుకుంది, నాకు అది చాలు. మూత పారేశాను. ఇప్పుడు గడ్డకట్టగానే ముక్కలు తీసి బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో వేసి, ట్రే కడిగి ఫ్రిజ్ బయట పెట్టేస్తాను. ట్రేలోనే వారాల తరబడి ఉంచడం అన్న సుఖం పోయింది. ముక్క టక్కున ఊడి రావడం గురించి మొదట అంత పొగిడాను కదా, ఆ పొగడ్త ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే ఆ మెత్తదనమే వాసననీ పట్టుకుంటుందని కలిపి చెప్పాలి.

ఇంకో చిన్న విషయం. ఆ మెత్తదనం వల్లే నింపిన ట్రేని రెండు చేతులతో ఎత్తినా నడుం వంగి రసం ఒలికిపోతుంది. ముందే పళ్లెంలో పెట్టి నింపాలి. బొప్పాయి రంగు కూడా పట్టింది, అది నాకు అభ్యంతరం కాదు.

పక్కింటావిడ ఈ ట్రే చూసి, చింతపండు గుజ్జు ఇందులో గడ్డకట్టించుకుంటే పప్పుచారుకి ముక్కొకటి వేసుకోవచ్చు కదా అన్నారు. ఆలోచన మంచిదే. కానీ ఈ ట్రేలో వద్దన్నాను. ద్రాక్ష కుక్కలకి ఎందుకు విషమో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. అందులోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని 2021లో అమెరికాలో పశువైద్యులు చెప్పారు. మన చింతపండు పులుపు చాలావరకు ఆ ఆమ్లమే. అందుకే ఈ ట్రే జూలీది మాత్రమే, వంటింటి వస్తువుల్లో కలవదు. మీరు కొన్నా ఒక్క పనికే ఉంచుకోండి.

కొనమంటారా అంటే, ముందు మీ కుక్క ఏదో చెప్పండి. నాకు ఉన్నది చిన్న కుక్క, అదీ నాకి తినే కుక్క. కింద ఫ్లాట్ వాళ్ల లాబ్రడార్‌కి ఇవే ముక్కలు ఇస్తే నమలడం లేదు, నాకడం లేదు, గుటుక్కున మింగేసింది. అంత పెద్ద కుక్కకి ఇంత చిన్న గట్టి ముక్క గొంతుకి అడ్డం పడితే? వాళ్లకి వెడల్పు స్టీలు గిన్నెలో పలచగా పోసి గడ్డకట్టించి, గిన్నెతోనే కింద పెట్టమన్నాను. అది ఇప్పుడు చాలాసేపు నాకుతుంది. షుగర్ ఉన్న కుక్కలైతే డాక్టర్ని అడక్కుండా పండ్లు పెట్టకండి. ఇంకో మాట, ఎండదెబ్బకి ఇది మందు కాదు. కుక్క తూలుతుంటే, రొప్పు ఆగకపోతే ఐసు ముక్క నోట్లో పెడుతూ కూర్చోవద్దు. ఒళ్లు మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేసి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

చేపలూ మసాలా ముద్దలూ లేని ఫ్రీజర్ మీదైతే ఈ ట్రే నాకన్నా మీకే ఎక్కువ సుఖం ఇస్తుందేమో. నేను మళ్లీ కొనాల్సి వస్తే సిలికాన్ ట్రేనే కొంటాను, మూత లేనిది. మూతకి పెట్టే డబ్బుతో ఇంకో స్టీలు డబ్బా తీసుకుంటాను.