కార్తీకపు వానలో తరంగంబాడి

నవంబరులో తమిళనాడు తీరానికి వెళ్తామంటే ఇంట్లో అందరూ వద్దన్నారు. వాళ్ల భయమూ న్యాయమైనదే. మిగతా దేశంలో వానలు వెనక్కి తగ్గాక అక్కడ అసలు వానలు మొదలవుతాయి. ఎప్పుడు వాయుగుండం పడుతుందో చెప్పలేం. అయినా నేనూ మా అక్కా గొడుగులు సర్దుకుని బయలుదేరాం. చెన్నైలో రైలు దిగి, కారు మాట్లాడుకుని మహాబలిపురం, పుదుచ్చేరి, తరంగంబాడి చూసి, మయిలాడుదురైలో తిరుగు రైలెక్కాలని ఏర్పాటు. మొత్తం ఐదు రోజులు.

మహాబలిపురంలో సముద్రతీర ఆలయం దగ్గర గాలికి గొడుగు తిరగబడింది. పది నిమిషాల్లో బయటికొచ్చేశాం. అసలు లాభం అర్జున తపస్సు శిల్పం దగ్గర దక్కింది. దాదాపు 30 మీటర్ల వెడల్పున్న ఆ రాతి నడుమ ఒక నిలువు చీలిక, అందులో నాగులు. ఒకప్పుడు పైనుంచి ఈ చీలికలోకి నీళ్లు వదిలేవారని, ఇది గంగావతరణమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఎండలో రెండుసార్లు చూసినా నాకా మాట ఎక్కలేదు. ఆ రోజు వాననీరు చీలిక వెంట సన్నగా జారుతుంటే నాగుల పడగలు నల్లగా మెరిశాయి. అర్జునుడా భగీరథుడా అన్న వాదనలో నేను అక్కడికక్కడే భగీరథుడి పక్షం చేరాను. పక్కనే వెనక కాళ్లపై నిలబడి దొంగ జపం చేస్తున్న పిల్లిని చూసి అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. ఈ శిల్పం చూడటానికి టికెట్ అక్కర్లేదు.

పుదుచ్చేరిలో ఒక రాత్రి గడిచింది. వారాంతం కావడంతో అద్దెలు ఏమాత్రం తగ్గలేదు. దారిలో పిచ్చవరం మడ అడవులకు మళ్లడం మా పొరపాటు. వాన వల్ల పడవలు ఆపేశారు. ముందే ఫోను చేసి ఉంటే సగం పూట మిగిలేది.

తరంగంబాడి చేరాక మాత్రం కదలబుద్ధి కాలేదు. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు డెన్మార్క్ వాళ్లకు ఇచ్చిన చోటు ఇది. తెలుగులో కావ్యాలు రాసిన ప్రభువు డేన్‌లకు రేవు ఇవ్వడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. వాళ్లు కట్టుకున్న డాన్స్‌బోర్గ్ కోట సముద్రానికి ఎదురుగా పసుపు రంగులో నిలబడి ఉంది. 1845లో ఈ ఊరిని బెంగాల్‌లోని తమ శ్రీరాంపూర్‌తో కలిపి 12.5 లక్షల రూపాయలకు ఇంగ్లిషువాళ్లకు అమ్మేశారు. కోటలో మేమిద్దరం, ఒక కుక్క, అంతే. వీధిలో 1718 నాటి చర్చి ఉంది. తమిళంలో కొత్త నిబంధనను అచ్చువేయించిన క్రైస్తవ మిషనరీ జీగెన్‌బాల్గ్‌ను అక్కడే సమాధి చేశారు. ఒడ్డున పాండ్యుల కాలపు మాసిలామణి నాథర్ ఆలయాన్ని చాలావరకు సముద్రం మింగేసింది. మిగిలిన భాగం ముందు నిలబడితే అలల తుంపర ముఖాన కొడుతుంది.

బస మాత్రం మిశ్రమమే. మామూలు అద్దెలో సగానికే పాతకాలపు ఇంట్లో గది దొరికింది. ఎత్తైన కప్పు, వెడల్పాటి వరండా, సముద్రపు హోరు. కానీ దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. సముద్రం కనిపించే గది అని డబ్బు తీసుకుని, ఆ గది కారుతోందంటూ పెరటివైపు గది ఇచ్చారు. తేడా సొమ్ము అడిగితే మేనేజరు చిరునవ్వే తప్ప జవాబు ఇవ్వలేదు. అక్క రసీదు పట్టుకుని అరగంట కూర్చుంటే అప్పుడు ఇచ్చారు. కరెంటు పోతే జనరేటరుతో ఫ్యాను తిరుగుతుంది, వేణ్ణీళ్లు ఉండవు. ఇటువంటి రోజుల్లో వెళ్లేవాళ్లు గది అందం కన్నా ముందు జనరేటరు సంగతి, వంటగది సంగతి అడగండి. అతిథులు తక్కువ కాబట్టి భోజనం రెండు గంటల ముందే చెప్పాలి.

వంటవాడు మంచివాడు, రసం అమోఘం. అయితే సముద్రం పక్కన రెండు రోజులున్నా మాకు చేప ముక్క దొరకలేదు. వాతావరణ హెచ్చరికతో పడవలు ఒడ్డెక్కాయి. మూడోరోజు తెల్లవారుజామున ఆకాశం విడిచింది. మేం మయిలాడుదురై వెళ్లడానికి కారెక్కుతుంటే వంటవాడు బుట్ట నిండా చేపలతో ఎదురొచ్చాడు.