సొంత హీరోనా, కంపెనీ హీరోనా: ఏది మేలు?

మా అక్క కొడుకు మొన్న దేవరకొండ నుంచి నోటుబుక్కు పట్టుకొని వచ్చిండు. "మామా, సూపర్‌హీరో కామిక్స్ రాస్తా. ఏదన్న కంపెనీల చేరాల్నా, సొంతంగ రాసుకోవాల్నా?" అని అడిగిండు.

కంపెనీలో పేజీకింత అని డబ్బు చేతికొస్తుంది. బొమ్మలేసేవాళ్లను, రంగులేసేవాళ్లను వాళ్లే చూసుకుంటారు. పేరున్న హీరో కాబట్టి చదివేవాళ్లూ ఉంటారు. నెలనెలా ఇరవై పేజీలు గడువులోపు ఇవ్వడమంటే చెయ్యి బాగా తిరుగుతుంది. కానీ హీరో మాత్రం నీవాడు కాదు. సూపర్‌మ్యాన్‌ను పుట్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో 130 డాలర్లకు హక్కులు రాసిచ్చారు. కోర్టుల చుట్టూ తిరిగినా హక్కులు తిరిగి రాలేదు. చివరికి 1975లో, తోటి ఆర్టిస్టులు గట్టిగా నిలబడితే, కొంత పింఛను, పుస్తకం మీద పేరు దక్కాయి. ఇది చదివినప్పుడల్లా నాకు మా నాయన గుర్తొస్తడు. గుంపు మేస్త్రీ వెంట పోయి ఎన్ని డ్యాములు కట్టిండో! ఒక్క చుక్క నీళ్లు మా పాలమూరు చేనుకు రాలే.

సొంత హీరో అయితే హక్కు నీదే. రచయిత రాబర్ట్ కిర్క్‌మన్, ఆర్టిస్టు కోరీ వాకర్‌తో కలిసి 2003లో మొదలుపెట్టిన 'ఇన్విన్సిబుల్' అనే సూపర్‌హీరో కామిక్ 144 సంచికలు నడిచి 2018లో ముగిసింది. హక్కులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. అయితే పుస్తకం అమ్ముడుపోయేదాకా పైసా రాదు. ఇంకో చిక్కు ఆర్టిస్టుతో. నువ్వు గంటలో రాసిన పేజీ గీయడానికి అతనికి రోజంతా పడుతుంది. అందుకే ఎవరి వాటా ఎంతో మొదటి పేజీకి ముందే కాగితం మీద పెట్టుకోవాలి, స్నేహితుడైనా సరే.

పూట గడవడానికి రెండేళ్లు కంపెనీ హీరోలకు రాయమన్నాను. నోటుబుక్కులో వాడు పుట్టించిన సొంత హీరోను, ఆ పిల్లను మాత్రం ఎవరికీ ఇవ్వొద్దన్నాను. మర్రిగూడ పిల్ల ఆమె. ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన తాత నడుమును తాకి నిలబెడుతుంది.

మూడో పేజీ, రెండో ప్యానెల్‌లో (ప్యానెల్ అంటే పేజీలో ఒక్క బొమ్మ పట్టే గడి) ఇట్లా రాసిండు: "బోరింగు కొట్టి, బిందె ఎత్తి, తాత దగ్గరికి ఉరుకుతుంది." ఒక్క బొమ్మలో మూడు పనులు ఎట్లా పడతాయి? మూడు ప్యానెళ్లు చేయమన్నాను. తాత నడుము లేచే బొమ్మకు పేజీ మొత్తం వదలమన్నాను, మాట ఒక్కటి కూడా లేకుండా. అక్కడే కూర్చొని కొట్టేసి మళ్లీ రాసిండు.