1930 కి ఫోన్ చేసి, ఆన్‌లైన్లో కంప్లైంట్ పెట్టాం: ఎలా పనిచేస్తుందంటే

సైబర్ మోసం జరిగితే ఇంట్లోంచే పోలీసులకి చెప్పే ఈ పద్ధతికి నేను ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాసాను. కానీ ఇప్పుడే డబ్బులు పోయి ఇది చదువుతున్నవాళ్లెవరైనా ఉంటే చదవడం ఆపీసి ముందు 1930 కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చెయ్యండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా చిన్నాన్నకి పీఎం కిసాన్ పేరు పెట్టి వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, వచ్చింది. అది ఫోన్‌లో ఎక్కిందంటే మనకొచ్చే మెసేజీలన్నీ, ఓటీపీలతో సహా, అవతలోడికి వెళ్లిపోతాయి, మనం నోరు తెరిచి ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు. ధాన్యం డబ్బులు అకౌంట్లో పడ్డాయో లేదో అందులోంచి రెండు విడతలుగా 62 వేలు పోయాయి. నాకు ఫోన్ చేసి చెప్పి, మళ్లీ ఆయనే "పోనీలేరా, పోయిందేదో పోనాది, ఊర్లో తెలిస్తే నవ్వుతారు" అంటున్నాడు. నాకు అన్నిటికంటే బాధేసింది ఈ మాటకే. ఎండలో వానలో పండించుకున్న డబ్బు ఎవడో ఎత్తుకుపోతే తలొంచుకోవాల్సింది మా చిన్నాన్న కాదు కదా. మా వైపు ఇలా నోరు మూసుకుని ఊరుకున్న ఇళ్లు నాకు తెలిసే ఉన్నాయి.

1930 లో ఎత్తినావిడ తెలుగులోనే మాట్లాడారు, చిన్నాన్న కంగారుగా చెప్తుంటే "బాబూ నెమ్మదిగా చెప్పండి" అని ఓపిగ్గా రాసుకున్నారు. ఏ బ్యాంకు, అకౌంట్ నంబరు, ఎంత పోయింది, ఎన్ని గంటలకి, లావాదేవీ నంబరు ఏంటి, ఇవే అడిగేది. ఆ నంబరునే యూటీఆర్ అంటారు, యూపీఐ అయితే 12 అంకెలుంటుంది, డబ్బు కట్ అయినప్పుడు వచ్చిన మెసేజ్‌లోనో యాప్ హిస్టరీలోనో దొరుకుద్ది. అందుకని ఆ మెసేజ్ డిలీట్ చెయ్యకండి, భయంతో ఫోన్ ఫార్మాట్ కొట్టీకండి. నెట్ ఆఫ్ చేసి పక్కన పెడితే చాలు, ఫోన్ మాత్రం వేరేవాళ్ల దాంట్లోంచి చెయ్యండి.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే తొందర ఎందుకో అర్థమవుద్ది. మనం చెప్పిన వివరాలు కంప్యూటర్లో ఎక్కగానే మన బ్యాంకుకీ, డబ్బు వెళ్లిన బ్యాంకుకీ కబురెళ్తుంది. అక్కడ డబ్బు ఇంకా ఉంటే హోల్డ్‌లో పెడతారు, ఇంకో అకౌంట్లోకి మళ్లించేసుంటే ఆ బ్యాంకుకి వెళ్తుంది, అలా వెంటబడి పోతారన్నమాట. ఏటీఎంలో నోట్లుగా తీసీసాక మాత్రం ఆపడానికి ఏం ఉండదు. అందుకే మొదటి గంటకి అంత విలువ. మాకు రెండో విడత డబ్బు దొరికింది, హోల్డ్ అయ్యింది. మొదటిది అప్పటికే తీసీసారు.

ఫోన్ అయ్యాక అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరుతో మెసేజ్ వస్తుంది. దాంతో 24 గంటల్లోపు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ లోకి వెళ్లి పూర్తి కంప్లైంట్ నింపాలి. ఈ సైట్ 2019 నుంచి ఉంది, కేంద్ర హోం శాఖది, మనం పెట్టింది మన రాష్ట్రం పోలీసులకే వస్తుంది. ఐడీ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్, స్క్రీన్‌షాట్లు ముందే ఫోన్‌లో రెడీగా పెట్టుకుని కూర్చోండి. ఏం జరిగిందో రాసే చోట 200 అక్షరాలకి తక్కువైతే తీసుకోదు, కాబట్టి మొదటి నుంచి వరసగా రాసీండి.

నేను స్టార్ తగ్గించింది ఇక్కడే. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఇదంతా పెద్ద పనేం కాదు. కానీ మా వైపు పిల్లలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో, చేపల వేటకెళ్లినోళ్లు గుజరాత్‌లోనో ఉంటారు, ఇంట్లో ముసలాళ్లే మిగులుతారు, వాళ్లు ఈ ఫారం ఎవరి చేత నింపించుకుంటారు? గ్రామ సచివాలయంలో ఒకరు దగ్గర కూర్చుని నింపిపెడితే ఎంత మేలో. అంతవరకూ మీ ఊర్లో ఎవరికైనా ఇలా జరిగితే మీరే వెళ్లి కూర్చోండి, దయచేసి.

ఇంకో సంగతి, ఆన్‌లైన్లో పెట్టిన కంప్లైంట్ అంటే ఎఫ్ఐఆర్ అయిపోయినట్టు కాదు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, బీఎన్ఎస్ఎస్ అంటారు, అందులో 173 సెక్షన్ ప్రకారం ఆన్‌లైన్లో సమాచారం ఇచ్చి మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెడితే రికార్డులోకి ఎక్కించాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలి, కాపీ ఫ్రీగా ఇవ్వాలి. మేం మొదట వెళ్లిన చోట "ఆన్‌లైన్లో పెట్టేసారుగా, ఇంకేటి" అని పంపించేసారు. ఈ సెక్షన్ నంబరు కాగితం మీద రాసుకుని మళ్లీ వెళ్తే అప్పుడు కూర్చోబెట్టి తీసుకున్నారు. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చని కూడా అదే సెక్షన్లో ఉంది.

బ్యాంకు దగ్గర మాకు ఇంకా విసుగొచ్చింది, ఏ బ్యాంకో పేరెందుకు గానీ. ఫోన్లో చెప్పాం కదా అని ఊరుకోకుండా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఆర్బీఐ 2017 లో పెట్టిన రూల్ ఉంది, తప్పు మనదీ కాక బ్యాంకుదీ కాకపోతే, మూడు పనిదినాల్లోపు చెప్తే నష్టం మన మీద పడదు. మన పొరపాటే అయినా సరే, బ్యాంకుకి చెప్పాక పోయిన డబ్బు మాత్రం బ్యాంకే భరించాలి. ఈ టైం లెక్కకి ఆ రసీదే సాక్ష్యం.

ఫోన్ పోగొట్టుకున్నవాళ్లకి మాత్రం ఇది కాదు, వాళ్లు సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైట్లో సీఈఐఆర్ అనే చోటికి వెళ్లాలి, పోలీస్ కంప్లైంట్ కాపీ పెట్టి ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, బ్లాక్ చేయించుకోవచ్చు. ఆ నంబరు కోసం ఇప్పుడే *#06# కొట్టి రాసి పెట్టుకోండి. చిన్నపిల్లల మీద అఘాయిత్యాల వీడియోల్లాంటివైతే పేరు చెప్పకుండానే ఈ సైబర్ క్రైమ్ సైట్లోనే రిపోర్ట్ చెయ్యొచ్చు, ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ విషయం తెలిసుండాలి.

మరో జాగ్రత్త. డబ్బు పోయాక "మేం రికవరీ చేసిపెడతాం, ముందు ఫీజు కట్టండి" అని ఫోన్లొస్తాయి, చిన్నాన్నకీ వచ్చింది. కంప్లైంట్‌కి పైసా ఫీజు లేదు, అడిగినోడు దొంగే.

హోల్డ్ అయిన డబ్బు దానంతట అది అకౌంట్లో పడిపోదు, మాకైతే కోర్టు ఆర్డరు కావాలన్నారు, లోక్ అదాలత్‌లో అయితే బేగి తేలుద్దని చెప్పారు. మా అప్లికేషన్ శ్రీకాకుళం కోర్టులో ఉంది. ఆర్డరొచ్చాక ఎంత చేతికొచ్చిందో ఇక్కడే రాస్తాను.