ఐదేళ్ల బిడ్డకు లెక్కలు: వర్క్‌బుక్కా, అంగడా, రొట్టెల పీటా?

జూన్‌లో బడులు తెరిచే ముందు మా నల్గొండలో చిన్నపిల్లల తల్లులు నన్ను అడిగేది ఒకటే. "మేడం, మా బాబుకు ఐదేళ్లు నిండినయ్. లెక్కల్లో వెనకబడకుండా ఏం చేయమంటారు? వర్క్‌బుక్కులు కొనాలా, అబాకస్‌లో వేయాలా, ఇంట్లోనే ఏదైనా చేయిస్తే సరిపోతుందా?" ఒకటో తరగతి పిల్లలకు పాఠం చెప్పేదాన్ని కాబట్టి అడుగుతారు. బడి గేటు దగ్గర నిలబడి రెండు మాటల్లో తేల్చే విషయం కాదు. అందుకే వివరంగా రాస్తున్నాను. మూడేళ్ల నుంచి ఏడెనిమిదేళ్ల పిల్లల వరకే ఈ మాటలు.

అబాకస్, యాప్‌ల సంగతి ముందే చెప్పేస్తాను. అబాకస్‌తో వేగం వస్తుంది, పూసలు కదుపుతుంటే పిల్లలకు సరదాగా కూడా ఉంటుంది. ఎనిమిదేళ్లు వచ్చాక పిల్లే అడిగితే చేర్పించండి. ఈ వయసులో తొందరేం లేదు. ఇక ఫోన్‌లో లెక్కల ఆటలు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి స్క్రీన్ ముందు కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని కూడా అన్నది. ఆ గంట కార్టూన్లకే సరిపోతోంది.

అసలు పోటీ వర్క్‌బుక్కుకూ, ఇంటిపనికీ, అంగడికీ మధ్యే.

వర్క్‌బుక్కును తీసిపారేసే వాళ్లతో నేను ఏకీభవించను. అంకెను అంకెగా గుర్తుపట్టడం, కూడిక గుర్తు ఎందుకుందో తెలియడం, పెన్సిల్ సరిగ్గా పట్టుకోవడం కాగితం మీదే వస్తాయి. పొద్దున ఇద్దరూ పనికి పోయి రాత్రికి ఇల్లు చేరే ఇళ్లలో, ఒక పేజీ చేయించడం కన్నా ఎక్కువ ఓపిక అమ్మానాన్నలకు ఉండకపోవచ్చు. అది అర్థం చేసుకోవాల్సిందే. బడిలో ఇచ్చిన వర్క్‌బుక్ ఉంటే వేరేది కొనాల్సిన పని కూడా లేదు.

కానీ వర్క్‌బుక్ చేస్తున్న ఐదేళ్ల బిడ్డను ఒకసారి గమనించండి. ఒక గడిలో మూడు మామిడిపండ్ల బొమ్మలు, పక్క గడిలో రెండు. కింద ఖాళీ డబ్బా. బిడ్డ 5 అని రాస్తుంది. రాయగానే కాగితం వైపు చూడదు, మీ ముఖంలోకి చూస్తుంది. మీరు నవ్వితే ఒప్పు, కనుబొమ్మలు ముడిస్తే తప్పు. వెంటనే 5 కొట్టేసి 6 రాస్తుంది, అదీ కాకపోతే 4. ఆ మామిడిపండ్లను ఎందుకు కలపాలో దానికి తెలియదు, కలిపినందువల్ల జరిగేదీ ఏం లేదు.

నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇదే. జవాబు తప్పో ఒప్పో బిడ్డకు ఎవరు చెబుతున్నారు? మనిషి చెబుతున్నాడా, ఆ పనే చెబుతోందా? పని చెప్పిన చోట బిడ్డ తన లెక్కను తానే సరిచూసుకుంటుంది. లెక్కలంటే భయం పుట్టకుండా ఉండటానికి ఇంతకన్నా బలమైనది నాకు కనిపించలేదు.

జొన్నరొట్టెలు చేసే పూట తీసుకుందాం. "నాన్నకు మూడు, అమ్మకు రెండు, తాతకు రెండు, నాకొకటి. మొత్తం ఎన్ని ముద్దలు చేయాలె?" అని బిడ్డనే అడగండి. వేళ్లు మడిచి ఏడు అంటే సరే, ఏడే చేయండి. సరిదిద్దకండి. వడ్డించే వేళకు ఎవరి పళ్లెంలోనో ఒక రొట్టె తక్కువ పడుతుంది. తప్పు దొరికిందన్న బాధ ఉండదు, "ఇంకొకటి చేయాలె" అన్న పని మాత్రం ఉంటుంది. మనిషికొక పళ్లెం, పళ్లానికొక గ్లాసు పెట్టించడం మూడేళ్ల పిల్లలకు సరిపోయే లెక్క. ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా ఐదుగురికి ఐదు గ్లాసులు తెమ్మంటే తడబడతారు. వరస నోటికి రావడం వేరు, చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడం వేరు.

ఇంట్లో వస్తువులకున్న ఇంకో బలం, అవి కదులుతాయి. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే చేసిన ప్రయోగం ఒకటి ఎవరైనా ఇంట్లో చేసి చూడొచ్చు. ఆరేసి చింతగింజలు రెండు వరసల్లో ఎదురెదురుగా పెట్టండి. రెండూ సమానమేనా అంటే నాలుగైదేళ్ల బిడ్డ అవునంటుంది. ఇప్పుడు దాని కళ్లముందే ఒక వరసను దూరం దూరంగా జరిపి మళ్లీ అడగండి. చాలామంది పొడుగు వరసలోనే ఎక్కువ ఉన్నాయంటారు. బిడ్డకు తెలివి తక్కువై కాదు, ఆ వయసు చూపే అంత. సుమారు ఆరేడేళ్లకు మారుతుంది. అప్పటిదాకా గింజలు జరుపుతూ, జత కలుపుతూ, మళ్లీ దగ్గరికి తెస్తూ ఉంటే ఎక్కడా ఏదీ పెరగలేదని తనకే తెలిసివస్తుంది. అచ్చు వేసిన మామిడిపండును జరపలేం కదా.

పాత ఇత్తడి కొలతలు ఇంట్లో ఉంటే అటక మీద నుంచి దించండి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మానిక నిండాలంటే ఎన్ని సోలలు పోయాలో బియ్యం పోసి చూసుకోనివ్వండి. నాలుగో సోలకు అంచు దాకా వస్తుంది. ఇక్కడా ఒప్పని చెప్పేది మానికే. కింద కొన్ని బియ్యం పడతాయి, పడనీయండి.

అంగడి విషయంలో మాత్రం నాది కొంచెం భిన్నమైన మాట. "కూరగాయలకు తీసుకుపోతే లెక్కలు అవే వస్తాయి" అని పెద్దవాళ్లు అంటుంటారు. వాళ్ల చిన్నప్పుడు వచ్చాయి. చేతిలో చిల్లర పెట్టి కొట్టుకు పంపేవాళ్లు, మిగిలిన పైసలు లెక్కపెట్టి తెచ్చేవాళ్లం. ఇప్పుడు తోపుడుబండి మీద కూడా స్కానర్ ఉంది. అమ్మ ఫోన్ చూపిస్తుంది, డబ్బులు అందాయని బండి దగ్గరి డబ్బా చెబుతుంది, సంచి చేతికొస్తుంది. బిడ్డకు కనిపించిన లెక్క ఏముంది? పైగా కిలో ధర నలభై, అరవై అంటుంటే అవి ఐదేళ్ల బిడ్డ పట్టుకోగలిగిన అంకెలు కావు. వెనకాల నలుగురు నిలబడితే మనకే తొందర.

కాబట్టి ఐదేళ్ల లోపు బేరం జోలికి పోవద్దు. బత్తాయిల బండి దగ్గర సంచిలో వేసే కాయలు లెక్కపెట్టమంటే చాలు, ఎలాగూ మన నల్గొండలో బత్తాయిలకు కొదవ లేదు. ఏడేళ్లు దాటాక అంగడి అసలు విలువ తెలుస్తుంది. రద్దీ లేని పొద్దున యాభై నోటు బిడ్డ చేతికిచ్చి, కిలో నలభై ఉన్న టమాటాలు అరకిలో కొనమనండి. అరకిలో అంటే సగమని, పావుకిలో అంటే అందులో సగమని కాటా ముందు తెలిసినంత బాగా పుస్తకంలో తెలియదు. తిరిగొచ్చిన ముప్పై సరిపోయాయో లేదో బండి దగ్గరే చూసుకోవాలి.

ఇంతవరకు చదివి పుస్తకం మూసేస్తారేమో, ఒక్కమాట. కోల్‌కతా, ఢిల్లీ అంగళ్లలో పనిచేసే పిల్లల మీద జరిగిన పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో కూడా ఆ బృందంలో ఉన్నారు. ఆ పిల్లలు గిరాకీ ముందు నోటిలెక్కతో ధర కట్టి, చిల్లర సరిగ్గా ఇస్తున్నారు. అలాంటి లెక్కనే బడిలో ఇచ్చినట్టు కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడికి మాత్రమే పోయే పిల్లలది దీనికి తలకిందులు. కాగితం మీద చేయగలిగినవాళ్లు అంగడి లెక్క దగ్గర ఆగిపోయారు. ఒకచోట వచ్చిన లెక్క ఇంకోచోటికి దానంతటది నడిచి పోదు. మనం చేయి పట్టుకుని దాటించాలి.

ఆ దాటించే పని పెద్దదేం కాదు. తిన్నాక పలక తెచ్చి "ఇందాక మనం చేసిన రొట్టెలు రాద్దామా?" అని 3 + 2 + 2 + 1 = 8 రాయించండి. ఇంకోరోజు తిరగేసి, వర్క్‌బుక్కులో ఉన్న 4 + 3 ను గింజలతో పేర్చి చూపించమనండి. ఇలా చేసే ఇంట్లో పుస్తకం ఖర్చు వృథా కాదు.

ఆటల గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. అష్టాచెమ్మా, వామనగుంటలు, కచ్చకాయలు అన్నీ మంచివే, ఏదైనా ఆడించండి. కాకపోతే అంకెలు రావాలన్న ఉద్దేశంతో ఆడితే గడుల మీద అంకెలుండాలి. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. పేద కుటుంబాల చిన్నపిల్లలతో రెండు వారాల్లో మొత్తం మీద గంటసేపు, వరసగా 1 నుంచి 10 అంకెలున్న గడుల మీద ఆడించారు. వాళ్లకు అంకెల మీద పట్టు పెరిగింది. అంకెలు లేకుండా రంగులే ఉన్న గడుల మీద ఆడినవాళ్లకు పెరగలేదు. వైకుంఠపాళిలో వరసలు అటూ ఇటూ తిరుగుతుంటాయి కాబట్టి నాలుగేళ్ల బిడ్డకు వాకిట్లో ముగ్గుపిండితో తిన్నగా పది గడులు గీసి అంకెలు వేయండి. 4 మీద ఉండి గవ్వల్లో 3 పడితే "ఒకటి, రెండు, మూడు" అని కాకుండా "ఐదు, ఆరు, ఏడు" అంటూ జరగాలి. ఈ చిన్న మార్పులోనే చాలా ఉంది.

ఇప్పుడు నా మాట. మూడు నుంచి ఐదేళ్లకు పళ్లేలు, గ్లాసులు, రొట్టెలు, గింజలు. కాగితం అక్కర్లేదు. ఐదు నుంచి ఏడేళ్లకు అవే పనులు, పనయ్యాక పది నిమిషాలు పలక. ఏడు దాటాక అంగడి, వర్క్‌బుక్ రెండూ సమానంగా. వానాకాలం సాగర్ వార్తలు వస్తుంటే "26 గేట్లలో 14 ఎత్తినరట, మూసి ఉన్నవెన్ని?" అని అడిగితే ఈ వయసు పిల్లలు ఎగిరి గంతేసి చెబుతారు. ముగ్గు వేయడానికి కూడా ఇదే మంచి వయసు. ఐదు చుక్కలు, సందు చుక్కతో మూడు దాకా పెట్టించి, మొత్తం ఎన్ని చుక్కలో లెక్కపెట్టకుండా చెప్పమనండి. నడుమ ఐదు, పైన నాలుగు, మూడు, కింద కూడా అంతే, పందొమ్మిది. అదే ఏడు చుక్కలు, నాలుగు దాకా పెడితే ఎన్నవుతాయో వాళ్లనే చెప్పనివ్వండి.